చెప్పిన పాఠానికి వచ్చిన ఫీజు వెనక్కి పోతే?



ఇంటిపట్టున ఉంటూనే నాలుగు రాళ్ళు సంపాదించుకోవాలనుకునే ఆడవాళ్ళకు ఈ రోజుల్లో ఫోనే అంగడి అయిపోయింది. మన అమ్మలు మిషను కుట్టారు, అప్పడాలు వత్తారు, ఊరగాయలు పెట్టి అమ్మారు. ఇప్పుడు వాటితోపాటు సంగీతం, పద్యాలు, తెలుగు అక్షరాలు, ముగ్గులు, యోగాసనాలు, లెక్కల ట్యూషను, అన్నీ ఫోనులోనే నేర్పుతున్నారు. 2020లో కరోనా వచ్చి అందరినీ ఇళ్ళల్లో కూర్చోబెట్టాక ఈ అలవాటు మరీ ముదిరింది. మాది ఒంటిమిట్ట కదా, పోతన్నగారి పేరు చెప్పుకునే ఊరు. భాగవత పద్యాలు రాగంతో చదవడం మా పిల్లకు నేర్పండమ్మా అని అమెరికాలో ఉన్న మనవాళ్ళు అడిగితే, చెప్పగలిగిన వాళ్ళకు కాదనడానికి మనసొప్పదు. డల్లాసులో పిల్ల, ఇక్కడ పంతులమ్మ, మధ్యలో చిన్న అద్దం. చదువు బాగానే సాగుతుంది. చిక్కంతా ఫీజు దగ్గరే.

ఒక పంతులమ్మ ఉందనుకోండి. డల్లాసు తల్లి మూడు నెలల ఫీజు 9,000 రూపాయలు తన క్రెడిట్ కార్డుతో కట్టింది. ఈమె వారానికి రెండు రోజుల చొప్పున మూడు నెలలూ పాఠాలు చెప్పింది. ఆ డబ్బు పిల్లాడి కాలేజీ ఫీజుకో, పాలవాడికో ఎప్పుడో వెళ్ళిపోయింది. నాలుగో నెలలో ఒక పొద్దున పేమెంట్ గేట్‌వే వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది. ఫలానా లావాదేవీ మీద కార్డుదారు అభ్యంతరం చెప్పారు, 9,000 రూపాయలు మీ లెక్కలోంచి మినహాయించాము, వారం రోజుల్లోగా మీ ఆధారాలు పంపండి అని. పైగా ఈ తగాదా నడిపినందుకు రుసుము కూడా కొంత. దీన్నే ఛార్జ్‌బ్యాక్ అంటారు.

నేనీ సంగతి చెబుతుంటే మా పక్కింటి వదిన నమ్మలేదు. "నా ఖాతాలో పడిన దుడ్లు మళ్ళా ఎట్ల తీసుకుంటారు? యాడన్నా ఉందా ఇది?" అంది. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్నే. జవాబు తెలియాలంటే కార్డు మీద డబ్బు ఎలా నడిచి వస్తుందో కొంచెం చూడాలి.

కార్డు గీసిన వెంటనే ఆ తల్లి చేతిలోంచి డబ్బు తీసి మన చేతిలో పెట్టరు. ఆమెకు కార్డు ఇచ్చిన బ్యాంకు ముందు ఆమె తరఫున చెల్లిస్తుంది. అది వీసానో మాస్టర్ కార్డో ఆ కంపెనీ దారిలో మన గేట్‌వే వాడి బ్యాంకుకు వస్తుంది, అక్కడినుంచి గేట్‌వేకు, చివరకు మనకు. ఆమె "ఈ బిల్లు నేను ఒప్పుకోను" అని తన బ్యాంకుకు చెప్పిందంటే, సొమ్ము వచ్చిన దారినే మెట్టుమెట్టుగా వెనక్కి నడుస్తుంది. ఆ మెట్లలో అట్టడుగున ఉన్నది మనం. మన దగ్గర లేకపోతే తర్వాత రాబోయే పిల్లల ఫీజుల్లోంచి పట్టుకుంటారు. కనుక కార్డు మీద వచ్చిన సొమ్మును నోటు లాగా చూడకూడదు. గడువు తీరేదాకా షరతు మీద మన దగ్గర ఉంచిన సొమ్ము అది.

ఈ ఏర్పాటు అన్యాయం అని తొందరపడి అనకండి. అమెరికాలో 1974లో ఒక చట్టం చేశారు. బిల్లులో తప్పు ఉంటేనో, కొన్న వస్తువు అందకపోతేనో కార్డుదారు అభ్యంతరం చెప్పవచ్చు, తగాదా తేలేదాకా ఆ మొత్తం కట్టనక్కర్లేదు అని. మోసపోయే కొనుగోలుదారును కాపాడడానికే అది పుట్టింది. రేపు మనం ఎవరి దగ్గరో చీర కొని అది రాకపోతే మనకూ ఇదే దిక్కు. కార్డు కంపెనీలు ఆ తర్వాత తమ సొంత నియమాలు ఇంకా విశాలంగా చేసుకుని దేశదేశాల్లో అమలు పరుస్తున్నాయి. కొనేవాళ్ళం అయినప్పుడు గొడుగు, అమ్మేవాళ్ళం అయినప్పుడు వాన. రెండు వైపులా మనమే.

ఇక గడువు సంగతి. ఇది జాగ్రత్తగా వినండి. చాలా రకాల అభ్యంతరాలకు 120 రోజుల గడువు ఉంటుంది. చీర అమ్మినా పచ్చడి అమ్మినా ఆ లెక్క త్వరగానే అయిపోతుంది. సేవ విషయంలో అలా కాదు. "నాకు ఇస్తానన్న సేవ అందలేదు" అనే అభ్యంతరానికి, డబ్బు కట్టిన రోజు నుంచి కాక, సేవ అందవలసిన ఆఖరు రోజు నుంచి 120 రోజులు లెక్క పెట్టే నియమం ఉంది. అంటే ఏడాది ఫీజు ఒకేసారి తీసుకున్నారనుకోండి, ఏడాది గడిచి మరో నాలుగు నెలల దాకా ఆ సొమ్ము మీద వాళ్ళకు మాట ఉంటుంది. ఏడాది ఫీజు ముందే కడితే రెండు నెలలు ఉచితం అని బోర్డు పెట్టేవాళ్ళు ఈ సంగతి ఆలోచించాలి. నన్నడిగితే నెలనెలా తీసుకోవడమే మేలంటాను. పోతే ఒక నెల పోతుంది.

అభ్యంతరాలు ఎందుకు వస్తాయి? కొన్ని నిజంగా దొంగ కార్డులు. ఎవరో ఎవరి కార్డు నంబరో దొంగిలించి మన క్లాసులో చేరతారు, అసలు మనిషి చూసుకుని లబోదిబోమంటాడు. మన దేశపు కార్డులకు ఆన్‌లైనులో ఓటీపీ లాంటి రెండో తాళం ఉండాలని రిజర్వు బ్యాంకు 2009 నుంచే పెట్టింది కాబట్టి ఇక్కడి కార్డులతో ఈ భయం తక్కువ. విదేశీ కార్డులు చాలావాటికి ఓటీపీ అడగనే అడగరు. "నేను కట్టలేదు" అన్న మాట ఎక్కువగా అటునుంచే వస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువగా తలనొప్పి తెచ్చేది దొంగలు కాదు, మతిమరుపు. కార్డు బిల్లు మీద మన పేరు ఎలా పడుతుందో మీరెప్పుడైనా చూశారా? మనం పాఠశాలకు అమ్మవారి పేరేదో ముచ్చటగా పెట్టుకుంటాం. గేట్‌వేలో ఖాతా మాత్రం మావారి పేరు మీదో, ఎప్పటిదో కిరాణా అంగడి పేరు మీదో ఉంటుంది. డల్లాసులో బిల్లు చూసే తండ్రికి ఆ పేరు తెలియదు. సంగీతం ఫీజు కట్టింది భార్య, బిల్లు చూసేది భర్త. ఇదేదో మోసం అని ఒక్క నొక్కు నొక్కుతాడు, అంతే. దీనికి మందు తేలిక. గేట్‌వే వాళ్ళకు చెప్పి బిల్లు మీద పాఠశాల పేరే పడేటట్టు చేయించుకోండి. అది కుదరకపోతే "మీ బిల్లు మీద ఫలానా పేరు కనబడుతుంది, అది మేమే" అని ఫీజు అందిన రోజునే వాట్సాప్‌లో ఒక ముక్క పంపండి.

ఇంకొక రకం ఉంది. పిల్లను మానిపించామని చెప్పాం, అయినా డబ్బు పట్టుకున్నారు అనేది. నెలనెలా దానంతటదే కోసుకునే ఏర్పాటు పెట్టుకున్న వాళ్ళకు ఇది తగులుతుంది. మన దేశంలో అయితే కోసుకోవడానికి 24 గంటల ముందు ఖాతాదారుకు కబురు వెళ్ళాలని రిజర్వు బ్యాంకు నియమం, 2021 అక్టోబరు నుంచి గట్టిగా అమలవుతోంది. పిల్ల మానింది అనగానే ఆ రోజే ఆ ఏర్పాటు ఆపేయండి. పాఠం ఆగి డబ్బు ఆగకపోతే ఆ తగాదాలో మనం గెలవం, గెలవకూడదు కూడా.

పాఠం చెప్పిన మాట నిజం, అవతలివాళ్ళు లేదంటున్నారు. అప్పుడేం చేయాలి? చీర పంపిన వాళ్ళకు పార్సెలు రశీదు ఉంటుంది, అందుకున్నట్టు సంతకం ఉంటుంది. పాఠానికి ఏముంటుంది? గాలిలో కలిసిపోయిన రాగం. అందుకని రశీదు మనమే తయారు చేసుకోవాలి. ఒక నోటుబుక్కు పెట్టుకుని ప్రతి పాఠానికీ తేదీ, ఇక్కడి టైము, అక్కడి టైము, ఏం చెప్పాం, ఎంతసేపు చెప్పాం అని పద్దు రాయండి. పాఠం అయ్యాక "ఈ రోజు రెండు పద్యాలు అయ్యాయి, మొదటిది వల్లె వేయించండి" అని తల్లికి వాట్సాప్ పెట్టండి. ఆమె "సరే అక్కా" అన్నా, చేతులు జోడించిన బొమ్మ పెట్టినా అది సాక్ష్యమే. పిల్ల సాధన చేసి పంపిన గొంతు రికార్డు ఉంటే మరీ మంచిది. వీడియో పాఠాల్లో ఎవరు ఎన్ని గంటలకు వచ్చారు, ఎప్పుడు వెళ్ళారు అన్నది యంత్రమే రాసిపెడుతుంది, దాన్ని చెరిపేయకుండా దాచండి. పిల్లలను వీడియో తీసి ఉంచుకోవాలంటే మాత్రం తల్లిదండ్రులను అడగనిదే వద్దు.

ఉత్తరం వచ్చాక జవాబు రాసే తీరు కూడా ఒకటుంది. తల్లి మనసు, గురువు కష్టం, దేవుడు చూస్తున్నాడు అని రెండు పేజీలు రాసేవాళ్ళున్నారు. అటువైపు కూర్చున్న గుమాస్తాకు దేవుడు కనబడడు, తేదీలు కనబడతాయి. ఆమె ఏ కారణం చెప్పిందో చూసి దానికే జవాబు చెప్పాలి. సేవ అందలేదు అన్నదా, ఇన్ని పాఠాలు ఈ తేదీల్లో జరిగాయి, ఇవిగో ఆమె పంపిన సందేశాలు అని. కార్డు నాది కాదు అన్నదా, అదే ఈమెయిలుతో, అదే ఫోను నంబరుతో పిల్ల పాఠాలకు వచ్చింది అని. ఇంగ్లీషు రాకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లలచేత రాయించండి, కానీ గడువు దాటనివ్వకండి. గేట్‌వే వాళ్ళు ఇచ్చేది కొద్ది రోజులే. జవాబు రాలేదంటే ఒప్పుకున్నట్టే రాసేస్తారు.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది. తగాదా నడుస్తుండగా ఆ తల్లి ఫోను చేసి "పొరపాటయింది అక్కా, డబ్బు నాకు నేరుగా పంపేయండి, నేను బ్యాంకుకు చెప్పేస్తాను" అంటుంది. మంచి మనసుతోనే అనవచ్చు. మీరు పంపేశారంటే ఒకసారి మీ చేతితో పోయింది, ఇంకొకసారి బ్యాంకు తీసుకుంది, అంటే రెండుసార్లు. "ముందు మీ బ్యాంకులో అభ్యంతరం వెనక్కి తీసుకుని ఆ కాగితం నాకు పంపండి తల్లీ" అని నెమ్మదిగా చెప్పాలి.

ప్రతి తగాదా పోరాడవలసినది కూడా కాదు. పై మెట్టు దాకా, అంటే కార్డు కంపెనీ తీర్పు దాకా వెళ్ళి ఓడితే రుసుమే వందల డాలర్లలో ఉంటుంది. పైగా ఇలాంటి తగాదాలు తరచుగా వస్తుంటే గేట్‌వే వాళ్ళు అనుమానంగా చూస్తారు. డబ్బు నెలలపాటు తొక్కిపెట్టవచ్చు, ఖాతాయే మూసేయవచ్చు. పెద్ద కంపెనీకి వెయ్యి లావాదేవీల్లో ఒకటి పోతే లెక్కకు రాదు. మనకున్నదే నలభైమంది పిల్లలు, ఇద్దరు అలిగితే నూటికి అయిదు అవుతుంది. అందుకని తప్పు మనవైపు ఉన్నప్పుడు, జ్వరం వచ్చి నాలుగు పాఠాలు ఎగ్గొట్టినప్పుడు, వాళ్ళు బ్యాంకు గడప తొక్కకముందే మిగిలిన డబ్బు మనమే ఇచ్చేయడం తెలివి. చట్టం కూడా ఆ మాటే అంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సేవకు తీసుకున్న సొమ్మును రశీదులో రాసిన గడువులోగా, ఏమీ రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపారం కిందికి వస్తుంది. ఇంట్లో నడిపే క్లాసే కదా అంటే కుదరదు. ఫీజు తీసుకున్నాక మనమూ వ్యాపారస్తులమే.

మా ఊరి రామాలయాన్ని బాగు చేయడానికి వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయ చిప్ప చేతబట్టి ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. చిప్పలో వేసినవాడు మళ్ళీ అడగడు, అది దేవుడికిచ్చింది. ఫీజు ఇచ్చినవాడు అడుగుతాడు. మనవాళ్ళు చాలామంది అమెరికా నుంచి వచ్చే ఫీజును దక్షిణలాగా భావించి షరతులు మాట్లాడ్డానికి మొహమాటపడతారు. ఆ మొహమాటమే కొంప ముంచుతుంది. చేరిన రోజునే నాలుగు మాటలు రాసి పంపి "ఒప్పుకున్నాం" అనిపించుకోండి. నెలకు ఎన్ని పాఠాలు, పిల్ల రాకపోతే ఆ పాఠం మళ్ళీ చెబుతారా లేదా, మధ్యలో మానితే ఎంత వాపసు, మీకు సెలవులు ఎప్పుడు, ఇవి ఉండాలి. శ్రీరామనవమి రోజుల్లో మా ఊళ్ళో ఇక పాఠమేమిటి! బ్రహ్మోత్సవాలు, వెన్నెల రాత్రి కల్యాణం, ఇంటినిండా చుట్టాలు, వీధినిండా మైకులు. ఆ వారం సెలవు అని ముందే రాసి ఉంచితే అమెరికా తల్లి కూడా సంతోషంగా ఒప్పుకుంటుంది. చెప్పకుండా మానేస్తే అదే సేవ అందకపోవడం అవుతుంది.

గడియారం సంగతి కూడా రాయాలి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. మనకు అలాంటిది లేదు. మన పొద్దున ఆరున్నర పాఠం డల్లాసులో ఎండాకాలం రాత్రి 8 గంటలకు, చలికాలం రాత్రి 7 గంటలకు పడుతుంది. పైగా మన సోమవారం పొద్దున వాళ్ళకు ఇంకా ఆదివారం రాత్రే. ఆ వారాల్లో పంతులమ్మ ఇక్కడ కాచుకుని ఉంటుంది, పిల్ల అక్కడ కాచుకుని ఉంటుంది. ఇద్దరిదీ నిజమే. "ఆమె రాలేదు" అని ఇద్దరూ అంటారు.

ఇదంతా కార్డు కథ. చాలామంది విషయంలో ఫీజు కట్టేది అమెరికా కార్డు కాదు, కడపలోనో ప్రొద్దుటూరులోనో ఉన్న తాత. మనవరాలి ఫీజు ఆయన యూపీఐలో వేస్తాడు. 2016లో వచ్చిన ఈ యూపీఐ పద్ధతిలో కట్టేవాడే పిన్ కొట్టి డబ్బు తోస్తాడు. ఒక మనిషి నుంచి ఇంకొక మనిషికి వెళ్ళిన డబ్బును మామూలుగా మన ఒప్పుదల లేకుండా బ్యాంకు వెనక్కి తీసుకోదు. వ్యాపారపు క్యూఆర్ కోడు పెట్టుకున్నవాళ్ళ మీద మాత్రం సేవ అందలేదని ఫిర్యాదు చేసే వీలుంది. ఏదైనా కార్డుకన్నా ఇది నిశ్చింతే. తాత పంపినప్పుడు ఎవరి ఫీజు, ఏ నెలది అన్నది అక్కడే రాయించుకోండి, రేపు కొడుకు అడిగితే చూపించవచ్చు.

అయితే యూపీఐలో వేరే ముప్పు ఉంది, నాకు ఛార్జ్‌బ్యాక్ కన్నా దానిమీదే భయం ఎక్కువ. కొత్త విద్యార్థి అని ఒకడు ఫోను చేస్తాడు. 2,000 ఫీజు అంటే 20,000 పడుతుంది. "అమ్మా, చెయ్యి జారి సున్నా ఎక్కువ కొట్టాను, మిగిలిన 18,000 ఈ నంబరుకు వేసేయండి, ఆసుపత్రిలో ఉన్నాం" అంటాడు. డబ్బు నిజంగానే పడింది కాబట్టి మనం నమ్ముతాం, పాపం అని వేస్తాం. ఆ 20,000 వాడిది కాదు, ఎవరినో మోసం చేసి లాగింది. మోసపోయిన మనిషి 1930కి ఫోను చేస్తాడు. ఆ డబ్బు ఏ ఖాతాకు వెళ్ళింది, అక్కడినుంచి ఎక్కడికి పోయింది అని పోలీసులు, బ్యాంకులు వరసగా వెతుక్కుంటూ వస్తారు. దారిలో మన ఖాతా తగులుతుంది. ఒక రోజు ఏటీఎంకు వెళితే డబ్బు రాదు. మనమెన్నడూ చూడని రాష్ట్రంలోని పోలీసు ఠాణా పేరు చెబుతారు. అదే ఖాతాలో డ్వాక్రా కంతు ఉంటుంది, గ్యాసు సబ్సిడీ ఉంటుంది, పిల్ల పెళ్ళికి దాచింది ఉంటుంది.

అందుకని రెండు పనులు ఈ వారమే చేయండి. ఫీజుల కోసం ఒక ఖాతా వేరుగా తెరవండి, ఇంటి సొమ్ము దానిలో పెట్టకండి. ఎక్కువగా పడిన డబ్బును మీరు చెప్పిన నంబరుకు కాదు, పంపిన ఖాతాకే, అదీ మీ బ్యాంకుకు కాగితం రాసి బ్యాంకు ద్వారానే వెనక్కి పంపించండి. నిజంగా చెయ్యి జారినవాడు రెండు రోజులు ఆగుతాడు. ఆసుపత్రి, అత్యవసరం అని గంటగంటకూ ఫోను చేసేవాడి సంగతి మీకే అర్థమవుతుంది. డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టమన్నవాడు కూడా దొంగే. పిన్ ఇచ్చేటప్పుడే గాని పుచ్చుకునేటప్పుడు అక్కర్లేదు. డబ్బు పంపినట్టు చూపించే ఫోటోను నమ్మకండి, మీ ఖాతాలో పడిందా లేదా మీరే చూసుకోండి.

ఇన్ని చేసినా ఖాతా ఆగిపోయిందంటే బ్యాంకు కౌంటరు దగ్గర కన్నీళ్ళు పెట్టుకోవద్దు. ఒక తెల్ల కాగితం మీద అర్జీ రాసి, ఏ ఫిర్యాదు నంబరు మీద ఆపారు, ఏ ఠాణా, ఎంత మొత్తం మీద వివాదం ఉంది అన్నది రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. వివాదం 2,000 మీద అయితే ఆ 2,000 మాత్రమే ఆపి మిగిలింది వదలమని అందులోనే కోరండి. నోటుబుక్కులో పద్దులు, రశీదు, సందేశాల నకళ్ళు జతచేసి ఆ ఠాణా అధికారికి ఈమెయిలులో పంపండి. ఇచ్చిన అర్జీ రెండో ప్రతి మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోవడం మరువకండి. ఆ తేదీ నుంచి 30 రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు సబబుగా తోచకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి వకీలు అక్కర్లేదు, రుసుమూ లేదు. వివరాలు కావాలంటే 14448కి ఫోను చేయండి. చేసేటప్పుడు ఆ ముద్ర వేసిన కాగితం దగ్గర పెట్టుకోండి, మొదట అడిగేది ఆ తేదీయే.